పేరు మీది, పెత్తనం ఎవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగానికి పైగా మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల నుంచే వచ్చాయి. రాసిన వాళ్లలో మగవాళ్లు కూడా ఉన్నారు, మంచిదే. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. ఊరు కూడా ఆ చుట్టుపక్కల అని మాత్రమే. సరే, జవాబుల్లోకి పోదాం.

ప్రశ్న: అక్కా, మాకు రెండు జెర్సీ ఆవులు. తెల్లారకముందే లేచి పేడ ఎత్తి, పాలు పిండి, క్యాను మోసుకుని సెంటర్‌కు పోయేది నేనే. పాల బిల్లు మాత్రం మా ఆయన ఖాతాలో పడుతుంది. పాప ఫీజుకైనా, నాకు మాత్రలకైనా ఆయన్నే అడుక్కోవాలి. నా ఖాతాకు మార్చుకుంటానంటే మా అత్త "ఇంట్లో నీ లెక్క, నా లెక్క అని మొదలుపెడితే కాపురం ఏమయిపోతాది" అంటోంది. నేను అడిగింది తప్పా? – పాకాల దగ్గర ఒక పల్లె

జవాబు: తప్పెలా అవుతుందమ్మా? మీ అత్తగారు కాపురం గురించి భయపడుతున్నారు గానీ, ఇన్నాళ్లూ లెక్క ఒకే చోట ఉన్నా అడుక్కునే బాధ మీకు తప్పలేదు కదా.

ముందు ఒక సంగతి చూడండి. పాల సెంటర్‌లో మీ ఇంటికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుకు ఏ ఖాతా కలిపి ఉంటే బిల్లు అందులోనే పడుతుంది. పాత నంబరు మీ ఆయన పేరున ఉంటే, దాన్ని మార్చడానికి ఆయన సంతకం కావాల్సి వస్తుంది, అక్కడే గొడవ మొదలవుతుంది. అందుకని నేను చెప్పేదేంటంటే పాత నంబరును కదిలించొద్దు. మీ ఆధార్, మీ బ్యాంకు పాసుపుస్తకం జిరాక్స్ తీసుకుపోయి మీ పేరున కొత్త నంబరు ఒకటి అడగండి. కాగితాలు డెయిరీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి, సెంటర్ సెక్రటరీ చెబుతాడు. నంబరు వచ్చాక ఒక ఆవు పాలు పాత నంబరులో, ఇంకో ఆవు పాలు కొత్త నంబరులో పోయండి. ఒకేసారి మొత్తం లాక్కున్నట్టు ఉండదు, మీ చేతికీ కాస్త డబ్బు ఆడుతుంది.

రెండోది, సెంటర్‌లో ఇచ్చే చిన్న స్లిప్పు. లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా గట్టి పదార్థం), రేటు అన్నీ దాని మీద ఉంటాయి. చాలా ఇళ్లల్లో దాన్ని నలిపి కిటికీ ఊచల సందులో దోపేస్తారు, నెల తిరిగేలోపు పొయ్యిలోకి పోతుంది. మీరు ఒక నోటుపుస్తకం పెట్టి రోజూ అందులో రాసుకోండి. పక్కనే దాణా ఎంత, తవుడు ఎంత, పశువుల డాక్టరుకు ఎంత, బిల్లులో పట్టుకున్నది ఎంత. పచ్చిగడ్డి మార్చిన వారం ఫ్యాట్ ఎందుకు పడిపోయిందో మీకు తెలుసు, మీ ఆయనకు తెలియదు. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని మాట్లాడితే మాట తీరే మారిపోతుంది. న్యాయం, హక్కు అని మొదలుపెడితే ఇంట్లో ఎవరూ వినరు. "ఈ నెల ఖర్చులు పోను ఇంత మిగిలింది, ఇది ఎక్కడికి పోయింది" అని అడిగితే మాత్రం వినక తప్పదు.

అత్తగారి విషయం. ఆమె కూడా జీవితమంతా ఇంతే పేడ ఎత్తి, చేతిలో పైసా లేకుండానే ముసలామె అయ్యుంటుంది. మీ ఖాతాలో మొదటి బిల్లు పడిన రోజు ఆమె చేతిలో కొంత పెట్టండి, ఏం కొనుక్కుంటారో అడగొద్దు.

ప్రశ్న: మేడమ్, మా ఆవిడ శ్రీసిటీలో ఫ్యాక్టరీలో చేస్తుంది, షిఫ్టు డ్యూటీ, కంపెనీ బస్సు ఊరి దగ్గరికే వస్తుంది. నాకు ఎకరం మడి, బోరులో నీళ్లు అంతంత మాత్రం. కాబట్టి పిల్లల్ని రెడీ చేసేది, వండేది, ఆడపిల్లకు జడలు వేసేది కూడా నేనే. రచ్చబండ దగ్గర "పెండ్లాం సంపాదన తినేటోడు" అని ఎగతాళి చేస్తున్నారు. ఊర్లో తలెత్తుకోలేకపోతున్నా. జీతం కార్డు మాత్రం నా దగ్గరే ఉంటుంది లెండి, ఆమెకు లెక్కలు తెలియవు. – సత్యవేడు వైపు

జవాబు: మన తిరుపతి గంగజాతర మీరు చూసే ఉంటారు. ఆ వారం రోజులూ మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడుచుకుని నడి వీధిలో తిరుగుతారు. చూసినవాళ్లు దండం పెడతారు. జాతర అయిపోయిన మర్నాడు అదే మనిషి ఇంటి ముందు కసువు ఊడిస్తే మాత్రం వీధి వీధంతా నవ్వుతుంది! ఈ లెక్క నాకు ఇప్పటికీ అంతుబట్టదు. మిమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు పొద్దున తొమ్మిది గంటలకు రచ్చబండ దగ్గర ఏం పని మీద కూర్చున్నారో ఒకసారి అడగండి.

మీరు చేస్తున్నది చిన్న పనేం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా జనం రోజును ఎలా గడుపుతున్నారో లెక్కగట్టింది. ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే పెడుతుంటే, అసలు ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. చెయ్యే పెట్టని మగవాళ్లు ఈ సగటులో లేరు, వాళ్లే ఎక్కువమంది. అంటే మీలాంటి వాళ్లు తక్కువ. తక్కువమంది చేసే పనిని ఊరు మొదట్లో నవ్వుతూనే చూస్తుంది, రెండు మూడు ఇళ్లల్లో అదే పని మొదలైతే నోరు మూసుకుంటుంది. శ్రీసిటీకి పోయే ఆడపిల్లల బస్సులు ఇన్ని తిరుగుతున్నాయంటే మీ ఊర్లో కూడా ఆ రోజు ఎంతో దూరంలో లేదు.

ఇంతవరకూ మిమ్మల్ని మెచ్చుకున్నా. ఇక కార్డు సంగతి. ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి, వందల పీసులు లెక్కపెట్టి, తప్పు పోకుండా ప్యాక్ చేసే మనిషికి లెక్కలు తెలియవా? జడలు వేయడం నేర్చుకున్నారు, సంతోషం. కార్డు కూడా ఆమెకు ఇచ్చేయండి. పిన్ నంబరు ఆమే మార్చుకుంటుంది. ఇంటి ఖర్చు ఎంత, పొదుపు ఎంత, మీ మడికి పెట్టుబడి ఎంత అని ఇద్దరూ ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకోండి. అప్పుడు పెండ్లాం సంపాదన తినేటోడు అన్న మాట మీకు తగలను కూడా తగలదు, ఎందుకంటే ఆమె ఇస్తేనే మీరు తీసుకుంటున్నారు, మీరు ఆమెకు వండి పెడుతున్నారు.

ఆ ఎకరాన్ని బీడు పెట్టొద్దు. ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఎప్పుడు ఉంటాయో ఎప్పుడు ఊడతాయో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మా కోడలు నా మనవడితో, పదో తరగతి చదివే మగపిల్లోడితో, అంట్లు తోమిస్తోంది. చూడలేక చస్తున్నా. నువ్వైనా చెప్పు తల్లీ. – ఒక జేజి, పుంగనూరు వైపు (మనవరాలితో రాయించాను)

జవాబు: జేజీ, మీ ఊర్లో పెళ్లికి వంట ఎవరు చేస్తారు? వంట మాస్టరు మగవాడే కదా, గుండిగలు తోమేది కూడా ఎక్కువగా మగవాళ్లే. తిరుమల పోటులో, అంటే గుడి వంటశాలలో, స్వామి లడ్డూలు చేసేది కూడా మగవాళ్లే. దేవుడికి లేని నామోషీ మనకెందుకు? పిల్లోడు రేపు బెంగళూరుకో చెన్నైకో చదువుకు పోతే రూములో అంట్లు తోమడానికి మీ కోడలు పోదు. అడుగు మాడిన గిన్నె ఉంటే మాత్రం మీరు పక్కన కూర్చుని బూడిదతో ఎలా రుద్దాలో నేర్పించండి. ఇంకోటి, ఈ ఉత్తరం రాసిపెట్టిన మనవరాలు అంట్లు తోముతుంటే మీరు ఎప్పుడైనా బాధపడ్డారా?

ప్రశ్న: పొదుపు సంఘంలో నా పేరున లోను తీసుకుని మా ఆయన బైకు కొన్నాడు. ఇప్పుడు కంతు కట్టేది నేను, కూలికి పోయి. ఆలస్యమైతే సంఘంలో మిగతా ఆడవాళ్లు నా మీద పడుతున్నారు. ఆయన్నేమో ఎవరూ ఒక్క మాట అనరు. – కార్వేటినగరం దగ్గర

జవాబు: బ్యాంకు సంఘాలకు పది లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తుంది. తాకట్టు ఏంటంటే మీరే, మీ మాటే, మీ పక్కన కూర్చున్న తొమ్మిది మంది మాటే. అందుకే ఒకరు కట్టకపోతే మిగతా వాళ్లకు టెన్షన్. వాళ్లది తప్పని అనలేం. అసలు బైకు మీద తిరిగే మనిషికి ఆ టెన్షన్ ఏమీ లేదు, అదే బాధ.

జరిగిందానికి ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. ఈ నెల మీటింగులో దాచుకోకుండా చెప్పేయండి, బైకుకు పోయిందని. సిగ్గుపడొద్దు, అలాంటి వాళ్లు ఆ గదిలో ఇంకో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. మీ లీడరును, గ్రామైక్య సంఘం (ఊర్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) వాళ్లను మీ ఇంటికి రమ్మనండి, ఆయన ముందే కంతు మాట్లాడమనండి. సంఘం ఆడవాళ్లు నలుగురు గుమ్మంలో నిలబడితే జేబులోంచి డబ్బు ఎలా వస్తుందో నేను చూశాను.

ఇక ముందు లోను తీసుకునేటప్పుడు తీర్మానం పుస్తకంలో దేనికని తీసుకుంటున్నారో రాయించండి, ఆవుకైతే ఆవు, కుట్టుమిషనుకైతే కుట్టుమిషను. దానికి తప్ప వేరే దానికి పోదని సంఘమే చూడాలి. డబ్బు డ్రా చేసే రోజు ఫోను మీ దగ్గరే ఉండాలి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, అది మొగుడైనా సరే. మన పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే అక్కడ రోజుకు రూపాయి పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. తాగుడుకు పోయే డబ్బును ఆపి వాళ్లు దాచుకున్న డబ్బు అది. అలా మొదలైన సంఘాల డబ్బుతో మగవాళ్లకు బైకులు కొనిపెడుతున్నామంటే నాకు కోపమే వస్తుంది, మీ మీద కాదు.

ప్రశ్న: నాకు 1983లో పెళ్లయింది. నాన్న 1999లో పోయారు, అమ్మ ఉంది. తాత నాటి మూడెకరాల మామిడి తోట ఇంతవరకూ పంచుకోలేదు. ఇప్పుడు తిరుపతి పక్కన రేట్లు పెరిగి లేఅవుట్ వేస్తామని ఎవరో వచ్చారు. తమ్ముళ్లు "అక్కా, రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి ఒక సంతకం పెట్టిపో, పట్టుచీర పెట్టి యాభై వేలు ఇస్తాం" అంటున్నారు. నాకు హక్కు లేదంటున్నారు, పెళ్లి ఎప్పుడో అయిపోయిందని. – చంద్రగిరి వైపు

జవాబు: హక్కు లేకపోతే సంతకం ఎందుకు అడుగుతున్నారు? ముందు ఈ ఒక్క ప్రశ్న వాళ్లను అడిగి చూడండి.

మీ తమ్ముళ్లు చెప్పేది పూర్తిగా కల్పించింది కాదు, పాతది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. కానీ అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకు అది వర్తించలేదు, మీరు అక్కడే ఆగిపోయారు. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం మారింది. అందులో పెళ్లి ఎప్పుడైంది అన్న పేచీ లేదు, కూతురికి పుట్టుకతోనే హక్కు. "2005 నాటికి మీ నాన్న బతికి లేడు కదా" అని కొన్నాళ్లు వాదించేవాళ్లు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఆ వాదనా కొట్టేసింది, తండ్రి ఆ తేదీన బతికి ఉండాల్సిన పని లేదని చెప్పింది.

చూడాల్సింది ఒక్కటే, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు చేసిన భాగపరిష్కారంగానీ, కోర్టు డిక్రీగానీ ఉందా అని. ఉంటే కథ వేరు. మీరు పంచుకోలేదని రాశారు. "అప్పుడే నోటిమాటగా పంచుకున్నాం" అని ఇప్పుడు కొత్తగా అంటారేమో, ఉత్త నోటిమాటకు కోర్టులో విలువ ఉండదు, గట్టి ప్రభుత్వ రికార్డు ఏదైనా ఉంటే తప్ప. కాబట్టి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ) తీయించండి, అడంగల్, వన్-బీ అనే రెవెన్యూ భూమి రికార్డులు తీయించండి, ఎవరి పేరున ఏముందో మీ కళ్లతో చూసుకోండి. మీ అమ్మకు కూడా అందులో వాటా ఉంది, ఆ మాట ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో.

సంతకం ఇప్పుడే పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. వాళ్లు తెచ్చే కాగితం పైన హక్కు విడుదల అని ఉంటే, దాని కింద సంతకం పెట్టాక మీకు తిరిగి అడగడానికి దాదాపు ఏమీ మిగలదు. లాయరుకు డబ్బు లేదంటారేమో, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా తిరుపతి కోర్టు ఆవరణలో న్యాయసేవల ఆఫీసును అడగండి.

పుట్టింటి గడప తొక్కే దారి పోతుందేమో అన్న భయం మీ ఉత్తరం నిండా ఉంది. అది కొట్టిపారేసే భయం కాదు. తమ్ముళ్ల పిల్లల పెళ్లిళ్లకు మీరు పోవాలి, మీకు పసుపు కుంకుమ రావాలి, ఇవన్నీ మనకు కావాల్సినవే. కానీ తోట విలువ ఎంతో తెలుసుకున్నాక, నా వాటా ఇంత, నా ఇష్టంతో ఇంత వదులుకుంటున్నా అని మీరు చెప్పడం వేరు, ఏమీ తెలియకుండా యాభై వేలకు వదులుకోవడం వేరు. మొదటిది చేస్తారా, మొత్తం అడుగుతారా అన్నది మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను.

ప్రశ్న: నేను ఉద్యోగానికి పోవడం మొదలుపెట్టాక ఆయన కొట్టడం ఎక్కువైంది. జీతం రోజు మరీ. ఉద్యోగం మానేస్తే సర్దుకుంటుందా? – ఊరు పేరు వద్దు

జవాబు: మానేయొద్దు. మానేస్తే ఆయన చేతిలోంచి కర్ర పోదు, మీ చేతిలోంచి జీతం పోతుంది. ఈరోజు రాత్రి ప్రమాదం అనిపిస్తే 112కు, మాట్లాడాలన్నా దారి తెలియాలన్నా 181కు ఫోన్ చేయండి. జిల్లా కేంద్రంలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది, అక్కడ డాక్టరు, పోలీసు, లాయరు సాయం అన్నీ ఒకే చోట అందేలా చూస్తారు, కొద్ది రోజులు ఉండడానికి చోటు కూడా ఇస్తారు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా మిమ్మల్ని ఆ ఇంట్లోంచి ఊరికే వెళ్లగొట్టడానికి లేదు, కొట్టకుండా మెజిస్ట్రేట్ నుంచి ఆర్డరు తెచ్చుకోవచ్చు. ఆధార్, పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు మీరు నమ్మిన మనిషి దగ్గర ఈ వారంలోనే దాచిపెట్టండి. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, ఎలా తగిలాయో ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించుకోండి. మెట్ల మీద జారిపడ్డా అని మాత్రం చెప్పొద్దు. మళ్లీ రాయండి, తప్పకుండా.

ప్రశ్న: నేను మహిళా రిజర్వేషన్‌లో వార్డు మెంబరుగా గెలిచా. మీటింగుకు మా మామ పోతాడు, రిజిస్టరు మాత్రం ఇంటికొస్తుంది సంతకానికి. – నగరి వైపు

జవాబు: రిజిస్టరు ఇంటికి రావడం ఏంటి, మీరు రిజిస్టరు దగ్గరికి పోవాలి గానీ! మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి, ఆ సగంలో ఇలా ఎన్ని మామలవో, ఎన్ని మొగుళ్లవో. వచ్చే మీటింగుకు మామ కంటే ముందే పోయి కుర్చీలో కూర్చోండి. మొదటిసారి ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మీ వార్డులో వెలగని వీధి దీపాలు ఎన్నో ఒక కాగితం మీద రాసుకుపోయి చదవండి చాలు. మామగారు కావాలంటే బయట అరుగు మీద కూర్చుని వినొచ్చు, గ్రామసభైతే లోపలికే రావొచ్చు, ఓటరే కదా.

ప్రశ్న: 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఫ్రీ బస్సు పెట్టారు కదా, అప్పట్నుంచి మా ఆవిడ వారానికోసారి పలమనేరు పుట్టింటికి పోతోంది. ఆ రోజు నాకు సంగటి ఎవరు కెలకాలి? – కుప్పం దారిలో

జవాబు: మీరే. కష్టమేం కాదు. గుప్పెడు బియ్యం కడిగి మూడు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడకనివ్వండి, ఉప్పు వేయండి. ఒకటిన్నర గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డు కాడతో కుప్పలో ఒక బొక్క పెట్టి, మూతేసి సన్నటి మంట మీద పది నిమిషాలు వదిలేయండి. ఆ పది నిమిషాల్లో ఫోను చూస్తూ కూర్చోకుండా వేయించిన చెనిక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు, తెల్లగడ్డ వేసి ఊరుబిండి నూరుకోండి. తర్వాత గిన్నెను కాళ్లతో గట్టిగా పట్టుకుని, వేడి తగలకుండా గోనెపట్ట అడ్డం పెట్టుకుని, తెడ్డుతో అడుగు నుంచి కెలకండి. మొదటిసారి ఉండలు కట్టడం ఖాయం, కంగారు పడొద్దు. రెండు ముద్దలు ఎక్కువే చేయండి, ఆవిడ సాయంత్రం బస్సుకు వస్తుంది కదా, ఆకలితో ఉంటుంది.